ముందు తోక, తరవాత మొహం

పిల్లలూ! "మంచు" అనగానే మీకేం గుర్తుకొస్తుంది? పుష్యమాసంలో తెల్లవారుఝామున పొలాలమీద కమ్ముకునే తెల్లటి పొగా, గడ్డిపరకల కొసల్లో మెరిసే నీటిబొట్లూ గుర్తుకొస్తాయి. నా చిన్నతనంలో నాకు తెలిసిన మంచు కూడా అదే. మా నాన్న విశాఖ మన్యంలో చింతపల్లి బడిలో పంతులుగా పనిచేసేవారు. చింతపల్లికి దగ్గరలోనే లంబసింగి ఉన్నది. అక్కడ చలికాలంలో ఒక్కొక్కనాడు గడ్డిమీది మంచుబొట్లు గడ్డకట్టుకుపోతాయి. అందుచేత, "చలి సంగతి నాకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు," అని నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఆ గొప్ప కాస్తా 2013లో పోయింది. ఆ వేసవిలో నాకు అమెరికాలో బఫెలో నగరంలో ఉద్యోగం దొరికింది. నా భార్యనూ, ఆరేళ్ళ మా చిట్టినీ వెంటబెట్టుకుని అక్కడికి చేరాను.

బఫెలో నగరం ఈరీ అనే పెద్ద సరస్సుకు తూర్పుకొసన ఉన్నది. ఆ సరస్సు పొడవు సుమారు 390 కిలోమీటర్లు. చలికాలం మొదట్లో దాని నీరు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పడమటినుంచి వచ్చే చలిగాలి సరస్సు పొడవునా దొర్లుకుంటూ వచ్చి, నీటి ఆవిరిని తాగి తాగి ఉబ్బి, గట్టు ఎక్కగానే దాన్నంతా మంచుగా కురిపిస్తుంది. ఏడాదికి సగటున 8 అడుగుల మంచు ఆ ఊళ్ళో పడుతుంది. సరస్సు గడ్డకట్టిన తరవాతనే ఈ జోరు కాస్త తగ్గుతుంది.

మాకు పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మా చిట్టి వచ్చీ రాని ఇంగ్లీషులో ఆయనతో కబుర్లు చెప్పేది కాని, ఆయన్ను పిలవటం మటుకు తెలుగులో "తాతా!" అనే పిలిచేది. ఆయన కూడా ఆ పిలుపుకు పలకటం అలవాటు చేసుకున్నాడు. ఈ కథలో తెలివిగలవాడు ఆయనే. తెలివితక్కువవాణ్ణి నేను.

నా మొదటి తెలివితక్కువ పని నవంబరులో జరిగింది. ఒకనాడు పొద్దున్నే బయటికి వచ్చి చూస్తే మా కారు ముందు అద్దంమీద తెల్లగా, పిండి చల్లినట్టుగా నూగుమంచు పేరుకుని ఉన్నది. వేలితో గీకితే రాలేదు. ఆఫీసుకు వేళవుతున్నది. మంచును కరిగించటానికి వేడినీళ్ళకన్న మంచి ఉపాయం ఏమున్నది? నేను ఇంట్లోకి పోయి ఒక గిన్నెడు మరిగే నీళ్ళు తెచ్చి అద్దంమీద గుమ్మరించాను.

"టప్" మని చప్పుడైంది. అద్దం ఈ కొసనుంచి ఆ కొసకు బీటవేసింది!

ఆ క్షణాన నాకు మా ఇంట్లో లాంతరు జ్ఞాపకం వచ్చింది. వెలుగుతున్న లాంతరు గ్లాసుమీద ఒక్క చన్నీటిబొట్టు పడితే అది పగిలిపోయేది. చిన్నప్పుడు ఆ పని చేసి నేను చీవాట్లు తిన్నాను కూడా. వేడి తగిలినచోట గాజు సాగుతుంది, చల్లగా ఉన్నచోట సాగదు. ఒకచోట సాగి, పక్కచోట సాగక లాగుకుంటే గాజు ఆ లాగుడుకు ఓర్చలేక పగులుతుంది. అక్కడ వేడిగాజుమీద చన్నీళ్ళు. ఇక్కడ చల్లటి గాజుమీద వేడినీళ్ళు. అంతే తేడా. అయితే కారు ముందు అద్దంలో రెండు గాజుపలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందువల్ల అది పగిలినా ముక్కలై మీద పడలేదు.

తాత తన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. నవ్వలేదు. లోపలికి పోయి ఒక పొడుగాటి కర్ర తెచ్చి నా చేతికిచ్చాడు. దానికి ఒక కొసన గీకటానికి ప్లాస్టిక్ బద్ద ఉన్నది, రెండో కొసన దులపటానికి కుంచె ఉన్నది.

"నాయనా, ఇది ఉంచుకో. ఈ ఊళ్ళో గొడుగు లేకపోయినా ఫరవాలేదు గాని, ఇది లేకుండా ఉండకూడదు," అన్నాడాయన.

చిట్టి మటుకు వేరే సంగతి ఆలోచిస్తున్నది. "నాన్నా, రాత్రి వాన పడలేదు, మంచూ పడలేదు. మరి ఇది అద్దంమీదికి ఎక్కణ్ణించి వచ్చింది? తాత కారుమీద ఎందుకు లేదు?" అని అడిగింది.

తాత కారు రేకుల పందిరికింద ఉన్నది. మా కారు ఆరుబయట ఉన్నది. కిటుకంతా అందులోనే ఉన్నది. ప్రతి వస్తువూ తనలోని వేడిని కంటికి కనపడని కిరణాలుగా బయటికి పంపుతూనే ఉంటుంది. మబ్బులేని రాత్రి ఆరుబయట ఉన్న అద్దం తన వేడిని ఆకాశానికి ధారపోస్తుంది. బదులుగా ఆకాశంనుంచి దానికి వచ్చేది చాలా తక్కువ. అందుచేత అద్దం చుట్టూ ఉన్న గాలికన్న కూడా ఎక్కువ చల్లబడిపోతుంది. గాలిలోని ఆవిరి దానికి తగిలి, నీరుగా మారకుండానే నేరుగా మంచుపొడి అయిపోతుంది. పైన రేకులున్న కారుకు ఈ బాధ తక్కువ. మన ఊళ్ళలో ఆరుబయట గడ్డి తడిసినట్టుగా చెట్టుకింద గడ్డి తడవకపోవటానికి కూడా ఇదే కారణం. నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని చిట్టి ఒక్క ప్రశ్నతో నాచేత ఆలోచింపజేసింది.

మరొక సంగతి. అద్దాన్ని తుడిచే వైపర్లున్నాయే, వాటి పుట్టుకకు కూడా మంచే కారణం. అమెరికాలో అలబామా రాష్ట్రం వెచ్చని ప్రదేశం. అక్కడినుంచి మేరీ ఆండర్సన్ అనే ఆవిడ ఒక చలికాలంలో న్యూయార్కు వెళ్ళి ట్రామెక్కింది. అద్దంమీద మంచు పడుతూంటే డ్రైవరుకు దారి కనపడక నానా అవస్థా పడుతున్నాడు. ఆవిడ ఊరికి తిరిగివచ్చి, లోపల కూచునే పిడి తిప్పి అద్దాన్ని తుడిచే సాధనాన్ని తయారుచేయించింది. 1903లో దానికి పేటెంటు సంపాదించింది. దానివల్ల ఆవిడకు డబ్బేమీ రాలేదు కాని, ఇవాళ వైపర్లు లేని కారు లేదు. రోజూ చలిలో ఉండేవాళ్ళు అలవాటుపడి ఊరుకున్నదాన్ని, వెచ్చని దేశంనుంచి వచ్చిన మనిషి పట్టించుకున్నది! ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా ధైర్యం కలిగింది. కాని వెచ్చని దేశంనుంచి వచ్చినవాడికి తెలియని విషయాలు కూడా ఉంటాయని జనవరిలో తెలిసివచ్చింది.

2014 జనవరి మొదటివారంలో బఫెలోలో పెద్ద మంచుతుఫాను వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఎదుటి ఇల్లు కనపడలేదు. బళ్ళూ, ఆఫీసులూ మూశారు. ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీలు దాటి కిందికి పోయింది. తుఫాను వెలిశాక బడి తెరుస్తున్నట్టు కబురు వచ్చింది. చిట్టి ఎగిరి గంతేసి, కోటూ, టోపీ, చేతితొడుగులూ వేసుకుని సంచీతో సహా తయారైంది.

నేను బయటికి వచ్చి చూస్తే కారు లేదు! కారు ఉండవలసినచోట ఒక తెల్లటి దిబ్బ ఉన్నది. మా కారు ముందుభాగం ఇంటివైపుకూ, వెనకభాగం వీధివైపుకూ ఉంటుంది. వీధిలో మంచును తోసివెయ్యటానికి ముందు ఇనపరేకు తగిలించిన లారీలు తిరుగుతాయి. అవి తోసిన మంచూ, గాలికి కొట్టుకొచ్చిన మంచూ కలిసి కారు వెనకవైపు గోడకట్టినట్టు పేరుకున్నాయి.

నేను తలుపుమీది మంచు దులిపి, ఎలాగో తెరిచి, ఇంజను స్టార్టు చేశాను. లోపల వేడిగాలి వచ్చే మీట తిప్పాను. "చలిలో నిలబడకు, లోపల వెచ్చగా కూచో," అని చిట్టిని వెనక సీటులో కూచోబెట్టి తలుపు వేశాను. తరవాత తాత ఇచ్చిన కర్ర తీసుకుని ముందు అద్దంమీది మంచు గీకసాగాను. దారి కనపడవలసింది ముందువైపే గనక నా బుద్ధికి ముందు అద్దమే తోచింది.

పదినిమిషాలు గడిచి ఉంటాయి. చిట్టి లోపలినుంచి, "నాన్నా, తలనొప్పిగా ఉంది," అన్నది.

"బడికి వేళయిందిగా! అయిపోవచ్చింది, ఉండు," అన్నాను నేను.

అంతలో పక్కింటి తలుపు ధడాలున తెరుచుకున్నది. తాత కోటు కూడా వేసుకోకుండా, చేత పార పట్టుకుని, ఆ మోకాటిలోతు మంచులో పడుతూ లేస్తూ వస్తున్నాడు. "పిల్లను దించు! పిల్లను దించు!" అని అరుస్తున్నాడు. నేను తెల్లబోయి చూస్తూంటే ఆయనే వచ్చి నన్ను పక్కకు నెట్టి, కారు తలుపు లాగి, చిట్టిని ఎత్తుకుని పదిగజాల అవతలికి తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చి, లోపలికి చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు.

నిజం చెప్పవద్దూ, నాకు కోపం వచ్చింది. నా కారు, నా పిల్ల! ఈయనెవరు?

ఆయన మాట్లాడలేదు. కారు వెనక్కు పోయి పారతో నాలుగుసార్లు మంచు తవ్వి, వంగి చూడమని నాకు చెయ్యి ఊపాడు. నేను వంగి చూశాను. కారు పొగగొట్టం మంచులో పూర్తిగా కూరుకుపోయి ఉన్నది. దాని చుట్టూ మంచు కరిగి, నల్లగా మసిపట్టి చిన్న గుహలాగా అయింది. ఆ గుహలోంచి బయటికి దారి లేదు. పొగ కారు అడుగునుంచి పైకి ఎగదన్ని, సందుల్లోంచి లోపలికే పోతున్నది.

అప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది.

చింతపల్లి చలికి మా నాయనమ్మ రాత్రిళ్ళు బొగ్గుల కుంపటి దగ్గిర పెట్టుకుని కూచునేది. పడుకోబోయేముందు మటుకు ఎంత చలిగా ఉన్నా, మేమెంత బతిమాలినా, కుంపటి తీసుకుపోయి వరండాలో పెట్టేది. "తలుపు తీస్తే చలి వస్తుంది. తలుపు మూసి కుంపటి పెట్టుకుంటే చావు వస్తుంది. నిద్రలోనే పోతారు, తెలిసిందా?" అనేది. బొగ్గులకు పొగ కూడా రాదే, ఎట్లా చస్తాం అని మేం ఆవిడతో వాదించేవాళ్ళం.

పొగ రాదు నిజమే. కాని గాలి చాలక అరకొరగా కాలే బొగ్గులోంచీ, పెట్రోలులోంచీ కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన రక్తంలో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఊపిరితిత్తుల్లోనుంచి ప్రాణవాయువును మోసుకుపోయి ఒళ్ళంతా పంచిపెడుతుంది. ఈ కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. టిక్కెట్టు లేనివాళ్ళు రైలుపెట్టెలో జాగా అంతా ఆక్రమించుకుని కదలకపోతే, టిక్కెట్టు ఉన్నవాళ్ళు ప్లాట్‌ఫారంమీదే నిలబడిపోతారు చూడండి, అట్లా ప్రాణవాయువుకు చోటు లేకుండా పోతుంది. మొదట తలనొప్పి, తరవాత వికారం, ఆపైన మగత. మగత వచ్చినవాడు లేచి తలుపు తీసుకోలేడు. ఆ తరవాత ప్రాణమే పోతుంది.

ఈ కాలపు కార్ల పొగగొట్టంలో ఈ విషవాయువును చాలావరకు విరిచేసే పరికరం ఒకటి ఉంటుంది. కాని అది బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. చలిలో అప్పుడే స్టార్టు చేసిన కారులో అది ఇంకా నిద్రలేవదు. సరిగా మనం కారును వెచ్చబెట్టుకునే ఆ పదినిమిషాల్లోనే విషవాయువు ఎక్కువగా వస్తుందన్నమాట!

నాకు తెలియని విషయమా ఇది? మా నాయనమ్మ కుంపటే కారు వేషం వేసుకుని వస్తే నేను పోల్చుకోలేకపోయాను.

తాత ఊరుకోలేదు. "తలనొప్పి అన్నదిగా, తగ్గినా సరే ఆసుపత్రికి పోవలసిందే," అని తన కారులోనే మమ్మల్ని తీసుకుపోయాడు. అక్కడ చిట్టి రక్తం పరీక్షచేసి, ముక్కుకు ముసుగు పెట్టి కొన్నిగంటలు ప్రాణవాయువు పీల్పించారు. "సమయానికి దించారు," అన్నది డాక్టరమ్మ. చిట్టి సాయంకాలానికల్లా మామూలుగా అయిపోయి, ఆసుపత్రిలో ఇచ్చిన ఐస్‌క్రీం గురించి వాళ్ళ అమ్మకు కథలు చెప్పింది. నా భార్య వింటూ చిట్టి చెయ్యి వదలకుండా పట్టుకుని కూచున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "అయిపోవచ్చింది, ఉండు," అన్న నా మాటే చెవుల్లో మోగుతూ ఉన్నది.

మర్నాడు తాత నాకు కారు శుభ్రంచెయ్యటం నేర్పాడు. పాఠం మొదటి మాట ఇది: "ముందు తోక, తరవాత మొహం."

కారు తోక అంటే పొగగొట్టం. ఇంజను స్టార్టు చెయ్యకముందే దాని చుట్టూ మంచు తవ్వి గాలికి దారి చెయ్యాలి. మంచు తవ్వుతున్నంతసేపూ కారులో ఎవరూ కూచోకూడదు. ఆ తరవాత కారు నడినెత్తి. నేను అంతకు ముందు పైకప్పుమీది మంచును ముట్టుకునేవాణ్ణి కాను. అది నా కళ్ళకు అడ్డం రాదు గదా!

"నీకు అడ్డం రాదు. నీ వెనకవాడికి వస్తుంది," అన్నాడు తాత.

మేము లెక్క వేశాం. కారు కప్పు సుమారు రెండు చదరపు మీటర్లు. దానిమీద అడుగు ఎత్తు మంచు ఉన్నదనుకోండి. కొత్తగా పడిన మంచు ఘనమీటరుకు 50 నుంచి 100 కిలోలదాకా తూగుతుంది. అంటే కారు నెత్తిమీద 30 నుంచి 60 కిలోల బరువున్నదన్నమాట! కారు వేగంగా పోయేటప్పుడు అది పెళ్ళగా లేచి వెనకవచ్చే కారు అద్దంమీద పడుతుంది. లేకపోతే బ్రేకు వెయ్యగానే ముందుకు జారి మన అద్దాన్నే కప్పేస్తుంది. న్యూజెర్సీ రాష్ట్రంలో 2010 నుంచి కారుమీది మంచు దులపకుండా రోడ్డెక్కితే 25 నుంచి 75 డాలర్లదాకా జరిమానా వేస్తారు. ఆ మంచుగడ్డ ఎగిరిపడి ఎవరికైనా దెబ్బ తగిలితే జరిమానా 1,000 డాలర్లదాకా పోతుంది.

తోకా, నెత్తీ అయినాక అద్దాలూ, దీపాలూ. అద్దంమీద గట్టిగా అంటుకున్న మంచును లోపలి వేడిగాలితో నిదానంగా మెత్తబరిచి, అప్పుడు బద్దతో గీకాలి. మంచులో అతుక్కుపోయిన వైపర్లను మీట నొక్కి లాగించకూడదు, చేత్తో విడదీయాలి. మెట్లమీదా, దారిలోనూ ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గిర గడ్డకట్టదు గనక మంచు కరుగుతుంది. కాని చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు కూడా చేతులెత్తేస్తుంది. అప్పుడు పారే గతి.

ఆ చలికాలం తరవాత ఇంతకన్న పెద్ద తుఫానులు చూశాం. 2014 నవంబరులో బఫెలో దక్షిణపు శివార్లలో కొన్నిచోట్ల 5 అడుగులకు మించి మంచు పడింది. 2022 డిసెంబరులో క్రిస్మస్ పండగ రోజుల్లో వచ్చిన తుఫానులో ఈ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో కొందరు కార్లలో చిక్కుకుపోయినవాళ్ళే. కారులో చిక్కుకున్నవాళ్ళు ఇంజను అస్తమానం వేసి ఉంచకూడదనీ, మధ్య మధ్య కొద్దిసేపు మాత్రమే వేసుకుని, వేసే ముందల్లా పొగగొట్టం చూసుకుని, కిటికీ కాస్త తెరిచి ఉంచాలనీ ఇక్కడ ప్రతి ఏడూ చెబుతారు. విన్నప్పుడల్లా నాకు మా నాయనమ్మ తలుపు ఓరగా తీసి ఉంచటం గుర్తుకొస్తుంది.

మీరుండే చోట మంచు పడకపోవచ్చు. కాని మూసిన గదిలో కుంపటిగాని, మూసిన షెడ్డులో కారుగాని, జనరేటరుగాని పెట్టటం మంచు లేకపోయినా అంతే ప్రమాదం. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పండి. పెద్దవాళ్ళు కూడా మరిచిపోతారని నన్ను చూస్తే తెలుస్తున్నదిగా!

చిట్టి ఇప్పుడు పెద్దదైపోయింది. తన కారు తనే నడుపుతుంది. మంచు పడ్డ రోజున పార తీసుకుని మొట్టమొదట కారు వెనక్కే పోతుంది. తాత ముసలివాడైపోయి పార పట్టటం లేదు. కిటికీ దగ్గిర కూచుని చూస్తూ ఉంటాడు. చిట్టి మా కారు పని అయినాక ఆయన కారు వెనక కూడా మంచు తవ్వి, కిటికీవైపు తిరిగి, "తోక అయింది, తాతా!" అని గట్టిగా తెలుగులో అరుస్తుంది.

ఆయనకు తెలుగు రాదు. కాని ఆ మాట మటుకు ఆయనకు బాగా తెలుసు.